నైలునది ఉడుము

ఉడుమును ఎరుగని తెలుగు పల్లెవారు అరుదు. చేలగట్లమీదను, పుట్టలయొద్దను, పాడుపడిన గోడల సందులలోను అది మనకు కనబడును. పట్టినదానిని ఎంతకును విడువనివానిని గూర్చి చెప్పునపుడు ‘ఉడుముపట్టు’ అనుట మనకు అలవాటు. తోకతో కూడ కొలిచినను మన ఉడుము ఆరడుగులకు చేరదు. దీని జ్ఞాతి యొకటి ఆఫ్రికా ఖండమున కలదు. అది మనదానికంటె పొడవైనది, బలమైనది. అంతకుమించి, నీటిని ఆశ్రయించి బ్రతుకుటకు అలవడినది. ఆ ఖండమునందలి బల్లిజాతి జంతువులలో అదియే మిక్కిలి పొడవైనది. దానిని నైలునది ఉడుమని పిలుచుదురు.

పేరునుబట్టి అది నైలునదియొడ్డుననే యుండునని తలపరాదు. ఈజిప్టునందు మాత్రము అది నైలును విడిచి దూరము పోజాలదు. ఏలయన అక్కడ నదికి ఇరుప్రక్కల ఎడారియే. సహారా దాటి దక్షిణమునకు పోయినచో సూడాన్, ఉగాండా, కెన్యా, జాంబియా మొదలుకొని దక్షిణాఫ్రికావరకు నదులు, సరస్సులు, చిత్తడినేలలు గలచోట్లనెల్ల అది నివసించుచున్నది. నీరులేని ఎడారులను మాత్రము అది దరిచేరదు. పశ్చిమ ఆఫ్రికా అడవులలోని ఉడుములను కూడ చాలకాలము దీనితో కలిపియే లెక్కించిరి. 2016వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు వాని జన్యుపదార్థమును పరీక్షించి, అవి బహుకాలము క్రిందటనే వేరుపడిన మరియొక జాతి యని తేల్చిరి. చూపులకు ఒకటిగా నున్న రెండు జంతువులు లోపల ఇంతగా భిన్నములై యుండుట ప్రకృతియందు అరుదైన సంగతి కాదు.

ఇంగ్లీషువారు ఉడుమును ‘మానిటర్’ అందురు. మీ తరగతిలోని మానిటరునకును ఉడుమునకును సంబంధమేమి యని మీరు నవ్వవచ్చును. లాటిన్ భాషలో ఆ మాటకు హెచ్చరించువాడని అర్థము. మొసలి వచ్చుచున్నపుడు ఈ జంతువు మనుష్యులను హెచ్చరించునని పూర్వము యూరపు దేశములలో ఒక నమ్మకముండెను. దానికి ఆధారమేమియు లేదు. అరబ్బులు ఉడుమును ‘వరన్’ లేక ‘వరల్’ అని పిలుచుదురనియు, జర్మను భాషలో హెచ్చరించుట అను అర్థముగల మాట ఆ ధ్వనికి దగ్గరగా నుండుటచే పొరపాటున ఈ పేరు పుట్టినదనియు పలువురు పండితుల అభిప్రాయము. ఉడుములన్నిటికిని శాస్త్రజ్ఞులు పెట్టిన ‘వరానస్’ అను వంశనామము కూడ ఆ అరబ్బీ మాటనుండియే వచ్చినది. దక్షిణాఫ్రికావారు దీనిని ‘లిక్కెవాన్’ అందురు.

పెరిగిన నైలు ఉడుము సామాన్యముగా నాలుగు మొదలు ఏడడుగుల వరకు పొడవుండును. ఈ పొడవులో సగమునకు మించినది తోకయే. శరీరపు రంగు బూడిద కలిసిన గోధుమవన్నె. దానిపై పసుపురంగు మచ్చలును చారలును వరుసలు దీరియుండును. పిల్లలయందు ఈ రంగులు మిక్కిలి కాంతివంతములు. నల్లని నేలపై పసుపుచుక్కలు పొదిగినట్లుండు ఆ పిల్లను చూచినవారు, బురదలో ఎండకాగు ముసలి ఉడుము కూడ ఆ జంతువే యని వెంటనే నమ్మజాలరు. వయస్సు ముదిరినకొలది రంగులు మాసిపోవును.

దాని తోకను పరిశీలింపుడు. అది మన ఇంటి బల్లితోకవలె గుండ్రముగా నుండదు. రెండుప్రక్కల నొక్కినట్లు పలుచనై, పైభాగమున ఒక గట్టు తేలియుండును. నీటిలో అదియే తెడ్డు, అదియే చుక్కాని. ఈదునపుడు ఉడుము కాళ్లను దేహమున కానించి, తోకను మాత్రమే ఇటునటు ఊపుచు చేపవలె సాగిపోవును. ముక్కురంధ్రములు ముట్టె పైభాగమున నుండుటచే తలను కొంచెము తేల్చినంతనే గాలి పీల్చుకొనగలదు. అపాయము తోచినపుడు ఒడ్డుననున్న చెట్టుకొమ్మనుండి దభాలున నీటిలోనికి దుమికి, అడుగున కదలక పడియుండును. గంటవరకు అట్లుండగలదని చెప్పుదురు. అదే జంతువు చెట్టెక్కుటలోను, నేల త్రవ్వుటలోను నేర్పరి. బలమైన కాళ్లు, కొక్కెములవంటి గోళ్లు అందుకు సాయపడును.

నాలుక పాము నాలుకవలె చీలి, నీలిరంగున నుండును. నడచునంతసేపును దానిని చాచుచు లోనికి తీయుచు నుండును. ఆ నాలుక రుచి చూచుటకు గాదు, వాసన పట్టుటకు. గాలిలోను నేలమీదను ఉన్న సూక్ష్మకణములను నాలుక కొనలు తెచ్చి, అంగిటియందున్న ‘జాకబ్సన్ అవయవము’ అను వాసనగదికి అందించును. నాలుక రెండుగా చీలియుండుటచే కుడివైపు వాసన యెక్కువయో, ఎడమవైపు వాసన యెక్కువయో తెలిసికొని, అది ఆ దిక్కునకు తిరుగును. మట్టిలో అడుగులోతున పాతియున్న గ్రుడ్లను కనిపెట్టుట దీనికి కష్టముగాదు.

బల్లిజాతి జంతువులకు ఒక పెద్ద లోపము కలదు. అవి పరుగెత్తునపుడు దేహము ఎడమకు కుడికి వంగుచుండును. ప్రక్కటెముకలను కదలించు కండరములే దేహమును వంచు పనియందును నిమగ్నములగుటచే పరుగెత్తుచు ఊపిరి సరిగా పీల్చలేవు. అందుచే అవి కొంతదూరము ఉరికి, ఆగి, మరల ఉరుకును. గోడమీది బల్లిని చూచినచో ఈ సంగతి మీకే తెలియును. ఉడుము ఈ చిక్కునుండి తప్పించుకొన్నది. అది గొంతుసంచిని కొలిమితిత్తివలె ఆడించి గాలిని ఊపిరితిత్తులలోనికి నెట్టును. 1999వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు నైలు ఉడుమునకు దగ్గరి బంధువగు పచ్చికబయళ్ల ఉడుమును తిరుగుడుపట్టాపై నడపించి, ఎక్స్‌రే చిత్రములు తీసి ఈ విషయమును నిరూపించిరి. 2014వ సంవత్సరమున అదే జాతిని పరీక్షించినవారు మరియొక వింతను కనుగొనిరి. మన ఊపిరితిత్తులలో గాలి వచ్చిన దారినే తిరిగి పోవును. ఉడుము ఊపిరితిత్తులలోని గొట్టములలో అది చాలవరకు ఒకే దిక్కున ప్రవహించుచుండును. పక్షులయందును, మొసళ్లయందును ఉన్న ఏర్పాటిది. గుండె కూడ సామాన్యపు బల్లి గుండెవంటిది కాదు. రక్తమును ఎక్కువ ఒత్తిడితో పంపగల శక్తి దానికి కలదు. ఈ కారణములచేతనే ఉడుము అలయక చాలసేపు వేటాడగలదు. అయినను అది తన దేహమునకు కావలసిన వేడిమిని తాను పుట్టించుకొనలేదు. ప్రొద్దున ఎండ కాగి వేడెక్కినగాని అది వేటకు బయలుదేరదు. దక్షిణాఫ్రికాలో చలికాలము వచ్చినపుడు రాతిసందులలోను కలుగులలోను చేరి, ఒక్కొక్కప్పుడు అనేకములు కలిసి, కదలక దినములు గడపును.

దాని ఆహారమును గూర్చి చెప్పవలసివచ్చినచో, అది తిననిదేదో చెప్పుటయే సులభము. పురుగులు, పీతలు, నత్తలు, చేపలు, కప్పలు, ఎలుకలు, పక్షిపిల్లలు, పాములు, చచ్చిన జంతువుల మాంసము, అన్నిటికంటె ఇష్టముగా గ్రుడ్లు. ఇందులో గమనింపదగిన విశేషమొకటి కలదు. చిన్నతనమున దీని దంతములు సన్నమై వాడిగా నుండును. అవి పురుగులను, చిన్నకప్పలను పట్టుటకు అనువైనవి. వయస్సు వచ్చినకొలది క్రొత్తగా మొలచు దంతములు మొద్దులై, మేకుతలలవలె లావగును. అవి నత్తగుల్లలను, పీతల పెంకులను పగులగొట్టుటకు తగినవి. ఒకే జంతువు జీవితకాలమున నోటిలోని పనిముట్లనే మార్చుకొనుచున్నదన్నమాట.

గ్రుడ్లను గూర్చి చెప్పుచు మొసలిని మరువరాదు. నైలు మొసలి ఇసుకయొడ్డున గోయి త్రవ్వి ఏబదివరకు గ్రుడ్లు పెట్టి, మన్ను కప్పి, సుమారు మూడునెలలు ఆహారమునుకూడ చాలవరకు మాని కాపలా కాయును. అంతటి భయంకర జంతువు కాపున్నచోట దొంగతనము చేయు సాహసము ఈ ఉడుమునకు కలదు. ఎండ తాళలేక మొసలి నీడకో నీటికో పోయిన కొన్నినిమిషములే దానికి చాలును. ఉగాండాలోను, ఇప్పటి జాంబియాలోను మొసళ్లను చాలకాలము పరిశీలించి 1961వ సంవత్సరమున పెద్ద గ్రంథము వెలువరించిన హ్యూ కాట్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, మొసలిగ్రుడ్లకు ముఖ్యశత్రువులలో ఈ ఉడుము ఒకటియని వ్రాసెను. రెండు ఉడుములు కలిసివచ్చి, ఒకటి తల్లిమొసలిని రెచ్చగొట్టి దూరముగా లాగుకొనిపోవుచుండగా రెండవది గ్రుడ్లను త్రవ్వుననియు, పిమ్మట మొదటిది వచ్చి భాగము పంచుకొనుననియు చూచినవారు చెప్పుచున్నారు. అది నిజముగా ముందు అనుకొని చేసిన పనియా, లేక ఒకదానిని మొసలి తరుముచుండగా రెండవది సందు చూచుకొన్నదా అనునది తేల్చుట కష్టము. పడవలో వచ్చు మనుష్యుల అలికిడికి జడిసి మొసలి గూడు విడిచి నీటిలోనికి జారినపుడును ఉడుమునకు ఇట్టి అవకాశమే కలుగును. మొసళ్లను చూచి ఆనందింప వచ్చినవారు తెలియకయే మొసలిపిల్లల నాశమునకు కారకులగుదురు.

ఇన్ని గూళ్లు దోచు ఈ ఉడుము తన గ్రుడ్లను ఎక్కడ దాచును? దాని జీవితమునందెల్ల ఆశ్చర్యకరమైన ఘట్టమిదియే. వానలు కురిసి నేల మెత్తబడిన దినములలో ఆడుఉడుము చెదపురుగుల పుట్టను వెదకును. అది పాడుపడిన పుట్టగాదు. లోపల చెదలు లక్షలకొలది పనిచేయుచున్న పుట్ట. దాని ప్రక్కను గోళ్లతో చీల్చి, లోపల గ్రుడ్లు పెట్టి వెడలిపోవును. ఒకసారికి ఇరువది మొదలు అరువదివరకు గ్రుడ్లుండును. వాని పెంకు గట్టిగా నుండక తోలువలె మెత్తగా నుండును. ఉడుము తాను చేసిన కన్నమును పూడ్చదు. ఆ పని చెదలే చేయును. తమ కోటకు పడిన గండిని అవి తెల్లవారులు శ్రమించి మట్టితో మూసివేయును. ఆ మట్టి ఎండి సిమెంటువలె గట్టిపడును. ముంగిసగాని, పాముగాని, మరియొక ఉడుముగాని ఇక గ్రుడ్లను సులభముగా చేరజాలవు. పుట్టలోపల వెలుపలి ఎండతోను చలితోను సంబంధములేక, వేడిమి సుమారు ముప్పది డిగ్రీల దరిదాపున నిలిచియుండును, తేమయు తగ్గదు. కోళ్లఫారములలో యంత్రములతో సాధించుదానిని చెదలు ఉచితముగా సమకూర్చుచున్నవి. ఆశ్చర్యమేమనగా, కనబడిన ప్రతిదానిని కొరుకు చెదలు ఈ గ్రుడ్లను మాత్రము ముట్టవు.

ఈ రహస్యమును వివరముగా లోకమునకు తెలిపినవాడు రేమండ్ కౌల్స్. ఆయన అమెరికా దేశస్థులగు క్రైస్తవ ప్రచారకుల కుమారుడు. దక్షిణాఫ్రికాలోని నేటాల్ ప్రాంతమున జన్మించి, జూలూ బాలురతో కలిసి కొండలలో తిరుగుచు పెరిగెను. పిమ్మట అమెరికాలో జంతుశాస్త్రాచార్యుడయ్యెను. చిన్ననాట తాను చూచిన ఉడుములను మరువక మరల నేటాలునకు వచ్చి, పుట్టలలోని గ్రుడ్లను నెలలతరబడి పరిశీలించి, 1930వ సంవత్సరమున దాని జీవితచరిత్రను ప్రకటించెను. గ్రుడ్లు పొదుగబడుటకు సుమారు పదినెలలు పట్టునని ఆయన గమనించెను. కోడిగ్రుడ్డు మూడువారములలో పిల్ల యగుచుండగా దీనికింత కాలమేల? పిల్లలు బయటికి రావలెనన్నచో రాతివలె గట్టిపడిన ఆ గోడను చీల్చవలెను గదా! అడుగు పొడవైన పసిపిల్లలకు అది సాధ్యమగు పనిగాదు. మరుసటి సంవత్సరపు వానలు కురిసి పుట్టమట్టి నానినపుడే వానికి దారి దొరకును. ఆ వానలు ఆలస్యమైనచో పిల్లలు చీకటిలో ఎదురుచూడవలసినదే. కావున తల్లి గ్రుడ్లుపెట్టుట ఒక వానకాలమున, పిల్లలు వెలుగుచూచుట మరియొక వానకాలమున. వచ్చునప్పటికి వెలుపల పురుగులును చిన్నకప్పలును సమృద్ధిగా నుండును. ఏ లెక్కలు తెలియని జంతువునకు ఈ లెక్క ఎట్లు కుదిరెనో మీరే ఆలోచింపుడు.

పుట్టనుండి వెడలినది మొదలు పిల్లలకు తల్లిరక్షణ లేదు. నీటియొడ్డున రెల్లుపొదలలో దాగి దినములు గడపును. కొంగలు, డేగలు, పాములు, పెద్ద ఉడుములు కూడ వానిని తినును. పెరిగిన ఉడుమునకు శత్రువులు కొలదిమంది: మొసలి, కొండచిలువ, బలిష్ఠమైన గరుడపక్షి, మనుష్యుడు. శత్రువు ఎదురైనపుడు అది మొదట పారిపోజూచును. దారి లేనపుడు మెడ ఉబ్బించి, బుసకొట్టి, తోకతో కొరడావలె కొట్టును. ఆ దెబ్బకు కుక్కలు కుయ్యోమనుచు వెనుదిరుగును. అప్పటికిని విడువనివానిని కరచును. ఈ విషయమున ఆఫ్రికా ఉడుము మన ఉడుమునకు తీసిపోదు. ఒక్కొక్కప్పుడు దుర్గంధముగల మలమును శత్రువుపై విడుచును. మరియొకప్పుడు చచ్చినట్లు పడిపోయి, ఎదుటివాని పట్టు సడలినంతనే లేచి పరుగిడును.

మనుష్యునకు ఇది చేయు హాని స్వల్పము. కోళ్లగూళ్లలో గ్రుడ్లు దొంగిలించుటయే దాని నేరము. మనుష్యుడు దానికి చేసిన హాని అట్టిదికాదు. ఆఫ్రికాలో పలుచోట్ల దాని మాంసమును తిందురు. ఉగాండాలోని గాండా ప్రజలు ‘ఎంగలాబి’ అను పొడవైన మృదంగమునకు దాని తోలు బిగింతురు. మన కర్ణాటక సంగీతమునందలి కంజిరాకు ఉడుముతోలే వాడుచుండిరని పెద్దలు చెప్పగా మీరు వినియుండవచ్చును. మన ప్రభుత్వము 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమున ఉడుమువేటను నిషేధించినది. ఈ గ్రామీణ వాడుకలవలన ఆఫ్రికా ఉడుములు తరిగిపోలేదు. దూరదేశముల స్త్రీపురుషులు గడియారపుపట్టీలను, చేతిసంచులను, బూట్లను దాని తోలుతో కోరుటయే పెద్ద ఆపదయైనది. 1980వ సంవత్సరమునకు తరువాతి దశాబ్దమున ఆఫ్రికానుండి ఏటేట లక్షలకొలది తోళ్లు ఎగుమతి యయ్యెను. చాద్ సరస్సు పరిసరములు ఈ వ్యాపారమునకు ముఖ్యస్థానములలో ఒకటి. 1975వ సంవత్సరమున అమలులోనికి వచ్చిన వన్యజీవుల వ్యాపార ఒడంబడికయందు ఈ జాతిని చేర్చిరి. కావున అనుమతిపత్రము లేనిదే దాని తోలు దేశము దాటరాదు.

ఇందుకు విరుద్ధమైన కథ అమెరికాలో జరిగినది. అచ్చట వింతజంతువులను పెంచుట కొందరికి వేడుక. జానెడు పొడవున, పసుపుచుక్కలతో అందముగానున్న నైలు ఉడుముపిల్లను సంతలో కొనినవారు, అది కొన్నియేండ్లలో మనిషిపొడవు పెరిగి, పంజరములు విరిచి, యజమానినే కరవ రాగా, దానిని కాలువగట్టున విడిచిపోయిరి. ఫ్లారిడా రాష్ట్రమునందలి కేప్ కోరల్ పట్టణమున ఆరువందల కిలోమీటర్లకు మించిన కాలువలున్నవి. వెచ్చని గాలి, నిండైన నీరు, పుష్కలముగా ఆహారము. 1990వ సంవత్సర ప్రాంతమునుండి ఉడుములు అచ్చట కనబడసాగి, పిల్లలుపెట్టి వ్యాపించెను. ఆ పట్టణమందే ఖాళీస్థలములలో బొరియలు చేసికొని నివసించు చిన్న గుడ్లగూబలు కలవు. చెట్లమీద గూడు కట్టు పక్షులకున్న రక్షణ వానికి లేదు. బొరియలో దూరు ఉడుము గ్రుడ్లను, పిల్లలను, తల్లినికూడ తినగలదు. పట్టణమువారు బోనులు పెట్టి, వేటగాండ్రను నియమించి, వందలకొలది ఉడుములను పట్టించిరి. 2021వ సంవత్సరమున ఫ్లారిడా ప్రభుత్వము వీనిని పెంపుడు జంతువులుగా అమ్ముటను, కొనుటను నిషేధించినది. కాలువలలో చేరినవానిని పట్టుట మాత్రము తేలిక కాలేదు. బోనును ఒకసారి చూచి తప్పించుకొన్న ఉడుము రెండవసారి దానిదగ్గరకు వచ్చుట అరుదని పట్టువారు చెప్పుచుందురు.

చాద్ సరస్సువద్ద తోళ్లు ఒలిచినపిమ్మట పారవేసిన ఉడుముల ఎముకలు శాస్త్రజ్ఞులకు పనికివచ్చినవి. చెట్టుమ్రానును అడ్డముగా కోసినపుడు వలయములు కనబడునట్లు, ఉడుము ఎముకను పలుచగా కోసి చూచినచో సంవత్సరమునకొక గీత కనబడును. ఆ గీతలు లెక్కించి చచ్చిన ఉడుము వయస్సెంతయో వారు నిర్ణయించిరి. బ్రతికియున్నపుడు నీటిలోనికి దుమికి మాయమగు ఈ జంతువు ఎన్నియేండ్లు బ్రతుకునో, ఎప్పుడు పెరుగుట మందగించునో తెలిసికొనుటకు దాని ఎముకలే దారి చూపినవి.